రష్యన్ జాతీయాన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ఏ దారి ఎంచుకోవాలి?

రష్యన్‌వాళ్ల మాటల్లో తరచూ వినిపించే వాక్యం ఒకటి ఉంది: "ష్తో తీ మ్న్యే లప్షూ న ఊషి వేషయెష్?" మక్కికి మక్కి చెప్పాలంటే "నా చెవులకు నూడుల్స్ ఎందుకు వేలాడదీస్తున్నావు?" అని. ఎదుటి మనిషి కట్టుకథ చెబుతున్నాడని పసిగట్టినవాళ్లు విసుగ్గా అనే మాట ఇది. మనమైతే "నా చెవిలో పువ్వులు పెట్టకు" అంటాం.

దీన్ని ఇంగ్లీషులో పెట్టడానికి నాలుగు దారులున్నాయి. ఉన్నదున్నట్టు "డోంట్ హ్యాంగ్ నూడుల్స్ ఆన్ మై ఇయర్స్" అనొచ్చు. దగ్గరి అర్థమున్న ఇంగ్లీషు జాతీయం వెతికి "డోంట్ పుల్ ద వూల్ ఓవర్ మై ఐస్" అనొచ్చు. జాతీయం జోలికే పోకుండా "డోంట్ లై టు మీ" అని అర్థం చెప్పేయొచ్చు. అదీ కాకపోతే, అలాంటి సందర్భంలో అంతే విసుగుతో ఉన్న ఇంగ్లీషు మనిషి నోట ఏం వస్తుందో ఆలోచించి "ఓ, డోంట్ గివ్ మీ దట్" అని రాయొచ్చు.

నేనైతే ఇక్కడ నాలుగోదే ఎంచుకుంటాను. మొదటిదాంట్లో చదివేవాళ్ల దృష్టంతా నూడుల్స్ మీదికి పోతుంది, విసుగు తప్పిపోతుంది. రెండోదానికి పుస్తకాల వాసన ఉంది. రష్యన్ మాటేమో వీధిలోది, ఇంట్లోది. మూడోదాంట్లో అర్థం ఉంది కానీ స్వరం మారింది. "లై" అనేసరికి అది సూటి నింద అయిపోతుంది, స్నేహితుల మధ్య గొడవ మొదలయ్యేంత మాట. నాలుగోదాంట్లో ఏ బొమ్మా లేదు, అయినా మనిషి గొంతు వినిపిస్తుంది.

ప్రతిసారీ నాలుగో దారే గెలుస్తుందని కాదు. ఏది ఎప్పుడు గెలుస్తుందో చూడటానికే ఈ పోలిక. హైదరాబాద్ ఇఫ్లూలో రష్యన్ చదివేవాళ్లకీ, మెడిసిన్ కోసం రష్యా వెళ్లి అక్కడి భాష నేర్చుకున్న మన పిల్లలకీ, టెక్నికల్ పత్రాలతో మొదలుపెట్టి సాహిత్యం వైపు వస్తున్న అనువాదకులకీ ఇందులో ఒక అదనపు చిక్కు ఉంది. రష్యన్ నేర్చుకున్న భాషే, ఇంగ్లీషూ నేర్చుకున్న భాషే. రెండువైపులా చెవిని పూర్తిగా నమ్మలేం.

ముందు ఒక ప్రశ్న: బొమ్మ కళ్లకు కడుతోందా?

"కాలికి బుద్ధి చెప్పాడు" అన్నప్పుడు మనలో ఎవరికీ కాలూ కనిపించదు, బుద్ధీ కనిపించదు. పారిపోయాడు, అంతే. ఆ బొమ్మ ఎప్పుడో అరిగిపోయింది. దాన్ని ఇంగ్లీషులో "కాలికి సలహా ఇచ్చాడు" అని పెడితే, తెలుగువాడికి మామూలుగా తోచే మాట పరాయివాడికి వింతగా తోస్తుంది. రచయిత పెట్టని వింతను మనం పెట్టినట్టు.

రష్యన్‌లో "రూకి నె దఖోద్యత్" అలాంటిదే. చేతులు అక్కడిదాకా చేరడం లేదు అని పదాల అర్థం. అసలు అర్థం, ఆ పని చేయాలనే ఉంది కానీ తీరిక దొరకలేదని. ఆఫీసులో, ఇంట్లో రోజూ అనే మాట. రష్యన్ మనిషికి అందులో చేతులు కనిపించవు. కాబట్టి ఇంగ్లీషులో "ఐ హ్యావెంట్ గాట్ అరౌండ్ టు ఇట్" అనేస్తే చాలు. ఇక్కడ చేతుల్ని కాపాడాలని చూడటం అనవసర శ్రమ.

"సబాకు స్యెల్" కూడా అంతే. ఈ పనిలో కుక్కను తిన్నాడు అంటే, ఆ పనిలో ఆరితేరాడని. కుక్కను ఉంచితే ఇంగ్లీషు పాఠకుడికి కడుపులో తిప్పుతుంది. "హీ నోస్ ఇట్ ఇన్‌సైడ్ అవుట్" అంటే సరిపోతుంది.

బొమ్మ అరిగిందా, ఇంకా సజీవంగా ఉందా అనేది నిఘంటువు చెప్పదు. ఆ వాక్యం చుట్టూ ఉన్న వాక్యాలు చెబుతాయి. మాట్లాడేవాళ్లు ఆ బొమ్మతో ఆడుకుంటున్నారా, తర్వాతి వాక్యంలో దాన్ని అందిపుచ్చుకుంటున్నారా, నవ్వుతున్నారా? అవేవీ లేకపోతే అరిగిపోయిందనే అనుకోవాలి. అరిగిన జాతీయానికి నాలుగో దారి, సజీవమైనదానికి మిగతావి. ఈ వ్యాసంలో నేను గట్టిగా పట్టుబట్టేది దీని మీదే.

సాటి జాతీయం: అన్నిటికంటే ఆకర్షణీయం, అన్నిటికంటే ప్రమాదం

సాటి జాతీయం దొరికితే పని అయిపోయినట్టు అనిపిస్తుంది. నిజంగా అయిపోయే సందర్భాలూ ఉన్నాయి. రష్యన్‌వాళ్లు ఈగను ఏనుగును చేస్తారు, ఇంగ్లీషువాళ్లు మోల్ అనే చిన్న జంతువు తవ్విన మట్టికుప్పను కొండ చేస్తారు, మనం గోరంతను కొండంత చేస్తాం. మూడింటిలోనూ భావం ఒకటే, వాడుక ఒకటే, స్థాయి ఒకటే. రష్యన్‌లో ఒకే దెబ్బకు రెండు కుందేళ్లు చస్తాయి, ఇంగ్లీషులోనూ మన దగ్గరా రెండు పిట్టలు. గుడిసెలోంచి చెత్త బయటకు తీసుకుపోకూడదని వాళ్లంటే, మాసిన బట్టలు నలుగురిలో ఉతకకూడదని ఇంగ్లీషువాళ్లంటారు. ఇంటిగుట్టు రచ్చకెక్కకూడదన్న ఆదుర్దా అందరికీ ఉన్నదే. ఇలాంటి చోట్ల మార్చేయండి, ఆలోచించక్కర్లేదు.

ప్రమాదం ఎక్కడంటే, పదాలు కూడా కలిసిపోయిన చోట. రష్యన్‌లో "వదీత్ జ నోస్" అంటే ముక్కు పట్టుకుని తిప్పడం. ఇంగ్లీషులో "లీడ్ బై ద నోస్" ఉండనే ఉంది. పదాలు దాదాపు అవే కాబట్టి చెయ్యి దానంతటదే రాసేస్తుంది. కానీ రష్యన్ జాతీయానికి అర్థం మాటిస్తూ, నెరవేర్చకుండా, మోసం చేస్తూ తిప్పుకోవడం. ఇంగ్లీషు జాతీయానికి అర్థం ఎదుటివాణ్ని పూర్తిగా తన చెప్పుచేతల్లో పెట్టుకోవడం. ఒకటి మోసం, ఇంకోటి అధికారం. మూడు నెలలుగా జీతం రేపిస్తాను మాపిస్తాను అంటున్న యజమాని గురించి కార్మికుడు ఈ మాట అంటే, ఇంగ్లీషులో "హీస్ బీన్ స్ట్రింగింగ్ అస్ అలాంగ్" అని రావాలి. ముక్కును పట్టుకుని వేలాడితే కథలో యజమాని స్వభావమే మారిపోతుంది.

"నీ రీబా నీ మ్యాసా" కూడా ఇలాగే ముంచుతుంది. చేపా కాదు, మాంసమూ కాదు. ఇంగ్లీషులో "నైదర్ ఫిష్ నార్ ఫౌల్" ఉంది. అయితే రష్యన్‌లో దీన్ని ఎక్కువగా మనిషి గురించి అంటారు: ఉప్పూకారం లేని మనిషి, సొంత వ్యక్తిత్వమంటూ లేనివాడు అని. ఇంగ్లీషు మాట మాత్రం ఏ వర్గంలోనూ ఇమడని వస్తువు గురించో విషయం గురించో ఎక్కువ వాడతారు. పెళ్లిచూపులకు వచ్చిన కుర్రాడి గురించి రష్యన్ అమ్మమ్మ పెదవి విరిచి ఈ మాట అంటే, "దేర్స్ నథింగ్ టు హిమ్" అనడం ఎంతో మేలు.

రెండో ప్రమాదం వయసు. మన స్కూలు గ్రామర్ పుస్తకాల్లో, పోటీపరీక్షల గైడ్లలో బట్టీపట్టిన ఇంగ్లీషు జాతీయాలు చాలావరకు పాతబడ్డాయి. "ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అర్థం కానివాళ్లుండరు, కానీ ఇవాళ లండన్‌లోనో షికాగోలోనో వాన చూసి ఆ మాట అనేవాళ్లు బాగా తక్కువ. ఆ జాబితా బాగా గుర్తున్నవాళ్లకి ప్రతి రష్యన్ జాతీయానికీ ఒకటి తగిలించాలన్న ఉత్సాహం ఉంటుంది. దాంతో పేజీ అంతా పరీక్ష పేపరులా తయారవుతుంది. పాతికేళ్ల మాస్కో అమ్మాయి ఇంగ్లీషులోకి వచ్చేసరికి డెబ్బై ఏళ్ల ముసలాయనలా మాట్లాడుతుంది. మనకు బాగా తెలిసిన జాతీయం మీదే ఎక్కువ అనుమానం ఉండాలంటాను నేను.

మూడోది ఊరు. మాస్కోకి దక్షిణంగా ఉన్న తూల నగరం సమోవార్లకు, అంటే టీ కోసం నీళ్లు కాచే లోహపు పాత్రలకు, పేరుమోసింది. అందుకే అనవసరపు మోత మోసేవాణ్ని చూసి "సొంత సమోవార్ పట్టుకుని తూలకు వెళ్లినట్టు" అంటారు. ఇంగ్లీషులో దీనికి సరిగ్గా సరిపోయే జాతీయం ఉంది: న్యూకాజిల్‌కు బొగ్గు మోయడం. ఆ ఊరు బొగ్గు వ్యాపారానికి పేరు పడ్డది. అర్థం నూటికి నూరుపాళ్లు కలిసింది. అయినా రష్యన్ పల్లెటూరి రైతు నోట న్యూకాజిల్ మాట వస్తే చదివేవాడు ఒక్కసారిగా ఉత్తర ఇంగ్లండ్‌లో తేలతాడు. ఆఫీసు ఈమెయిల్‌లో అయితే న్యూకాజిల్ పెట్టుకోండి. కథలో అయితే "లైక్ టేకింగ్ ఎ సమోవార్ టు తూల" అని ఉంచేయండి. ఫలానా వస్తువును ఫలానా ఊరికి మోయడం అనే అచ్చు ఇంగ్లీషు పాఠకుడికి ముందే పరిచయం. తూల ఎక్కడుందో తెలియకపోయినా అక్కడ సమోవార్లకు కొదవలేదని వాక్యమే చెప్పేస్తుంది.

ఉన్నదున్నట్టు పెట్టడం ఎప్పుడు గెలుస్తుంది?

తూల ఉదాహరణలో ఒక కారణం కనిపించింది: వాక్యం తన అర్థం తానే చెప్పుకోగలిగితే. ఇంతకంటే బలమైన కారణం ఇంకొకటుంది.

రష్యన్ కథకుడు, డాక్టర్ కూడా అయిన చెహోవ్ 1888 సెప్టెంబర్ 11న తన ప్రచురణకర్త సువోరిన్‌కు రాసిన ఉత్తరంలో రెండు కుందేళ్ల వెంట పడొద్దన్న సామెత వస్తుంది. వైద్యం వదిలి రాత మీదే దృష్టి పెట్టమని సువోరిన్ ఇచ్చిన సలహాకు అది జవాబు. ఆయన సామెతను వాడి వదిలేయలేదు. అక్షరాలా చూసినా రెండు కుందేళ్లను ఎందుకు తరమకూడదో నాకు తెలియదు, వేటకుక్కలుంటే తరమొచ్చు అన్న అర్థంలో దాన్ని పొడిగించాడు. వైద్యం తన ధర్మపత్ని, సాహిత్యం ప్రియురాలు అన్న ప్రసిద్ధమైన మాట కూడా ఆ ఉత్తరంలోదే. ఇక్కడ ఎవరైనా కుందేళ్లను తీసేసి "డోంట్ స్ప్రెడ్ యువర్‌సెల్ఫ్ టూ థిన్" అని సహజమైన ఇంగ్లీషు పెట్టారనుకోండి. తర్వాతి వాక్యంలో వేటకుక్కలు ఎక్కణ్నుంచి వచ్చాయి? బొమ్మను రచయితే చేతిలోకి తీసుకున్నప్పుడు మార్చే హక్కు అనువాదకుడికి ఉండదు.

అందుకే మొత్తం పేరా చదవకుండా ఒక్క జాతీయాన్నీ ముట్టుకోకూడదు. కథల్లోనైతే ఇంకా దూరం చూడాలి. మొదటి పేజీలో వచ్చిన సామెత ముగింపులో నిజంగానే జరగడం రచయితలు ఇష్టంగా చేసే పని.

ఇంకో సందర్భం, మాట చిన్నగా, బిగువుగా ఉండి, ఇంగ్లీషులో ఆ ఖాళీ నిజంగా ఉన్నప్పుడు. "దవెర్యాయ్, నో ప్రవెర్యాయ్" (నమ్ము, కానీ సరిచూసుకో) అనే రష్యన్ సామెతను అప్పటి అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్‌కు నేర్పింది, రష్యా చరిత్ర రాసిన సుజాన్ మాసీ. 1987 డిసెంబర్ 8న వాషింగ్టన్‌లో మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం మీద సంతకాలు చేసేటప్పుడు ఆయన దాన్ని మళ్లీ అన్నారు. ప్రతి సమావేశంలోనూ ఇదే అంటున్నారని సోవియట్ నేత గోర్బచోవ్ అనగానే సభ నవ్వింది. "ట్రస్ట్, బట్ వెరిఫై" ఇప్పుడు ఇంగ్లీషులో సొంత మాటలా తిరుగుతోంది. రష్యన్‌లోని అంత్యప్రాస పోయింది, నిజమే. కానీ మూడు పదాల్లో అదే దెబ్బ మిగిలింది.

వికటించిన ఉదాహరణా పక్కనే ఉంది. 1959 జులైలో మాస్కో సకోల్నికి పార్కులోని అమెరికన్ ప్రదర్శనలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్‌తో వాదిస్తూ సోవియట్ నేత హ్రుష్చోవ్ "కూజ్కిన మాత్" చూపిస్తామన్నాడు. పదాలకు అర్థం కుజ్మా తల్లి అని. భావం, మీకు తగిన గుణపాఠం చెబుతామని. అనువాదంలో కుజ్మా తల్లి అలాగే వచ్చిందనీ, ఆమె ఎవరో అమెరికన్లకు అంతుపట్టలేదనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. 1961 అక్టోబర్ 30న నోవయా జెమ్ల్యాలో పేల్చిన అతి పెద్ద హైడ్రోజన్ బాంబుకు తర్వాత ఇదే ముద్దుపేరు అయింది. ఇక్కడ వాక్యం తన అర్థాన్ని తాను చెప్పుకోలేదు, కుజ్మా తల్లిని ఎవరూ పొడిగించనూ లేదు. ఉన్నదున్నట్టు పెట్టడానికి ఒక్క కారణమూ లేదు. "వీల్ షో యూ వాట్స్ వాట్" చాలు.

రెండూ కుదరని చోట

"పేర్వీ బ్లీన్ కోమమ్" అంటే మొదటి బ్లినీ ముద్దైపోయింది అని. బ్లినీ అంటే పల్చటి రష్యన్ అట్టు. మన ఇళ్లలో మొదటి దోశ పెనానికి అంటుకుపోయినట్టే. కాబట్టి తెలుగువాళ్లకి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది, ఇంగ్లీషులోకి తేవడానికి మాత్రం తంటాలు పడతాం. "ప్రాక్టీస్ మేక్స్ పర్ఫెక్ట్" పెడతారు కొందరు. అది తప్పు. అది సాధన చెయ్యమని హితబోధ, రష్యన్ మాటేమో మొదటిసారి చెడితే ఫర్వాలేదులే అనే ఓదార్పు. దారి రెండు రకాలు. బ్లినీలతో సంబంధం లేని చోట "ద ఫస్ట్ వన్ నెవర్ కమ్స్ అవుట్ రైట్" అనండి. వంటింట్లోనో రష్యన్ వాతావరణం ముఖ్యమైన కథలోనో అయితే "ద ఫస్ట్ ప్యాన్‌కేక్ ఈజ్ ఆల్వేస్ ఎ మెస్" అనండి. ప్యాన్‌కేక్ వేసిన ఇంగ్లీషువాళ్లకీ ఆ అనుభవం ఉంటుంది.

పరీక్షకు వెళ్లేవాళ్లతో "నీ పూఖ నీ పెరా" అంటారు. ఈకా వద్దు, తూలికా వద్దు అని. వేటగాళ్ల దగ్గర పుట్టిన మాట ఇది. దిష్టి తగలకుండా మంచి కోరికను తిరగేసి చెప్పడం. దానికి జవాబు "క్ చోర్తు", దెయ్యం దగ్గరికి పో అని. ఆ జవాబు తప్పనిసరి, అమ్మకైనా సరే అలాగే అనాలి. చాలామంది "బ్రేక్ ఎ లెగ్" పెడతారు. తిరగేసి దీవించడం అందులోనూ ఉంది కాబట్టి మంచి ఎంపికే. కానీ అది నాటకరంగపు వాసన ఉన్న మాట, పైగా దానికి జవాబు ఉండదు. జవాబు కూడా కథలో ఉంటే, కూతురు తల్లిని దెయ్యం దగ్గరికి పంపితే, ఉన్నదున్నట్టు పెట్టి ఒక్క ముక్క కలపడమే మేలు. "షీ గేవ్ ద రిప్లై యూ హ్యావ్ టు గివ్" లాంటి వాక్యం కథలో కలిసిపోతుంది. ఫుట్‌నోట్ కంటే అదే నయం. కథ మధ్యలో కళ్లు పేజీ అడుగుకు దిగడం నాకు నచ్చదు.

ఆసుపత్రిలో సాహిత్యం వద్దు

రష్యాలో చదివే మన మెడికల్ విద్యార్థులు రోగుల మాటలు విని, ఇంగ్లీషులో నోట్స్ రాసుకుంటారు. అక్కడ ఎంపికకు తావే లేదు, అర్థం ఒక్కటే కావాలి. "పద్ లోజెచ్కయ్" నొప్పి అని పెద్దావిడ చెబితే పదాలకు అర్థం "చిన్న చెంచా కింద". రొమ్ము ఎముక కింద, పొట్ట పైభాగంలో ఉండే గుంట అది. "ఎపిగ్యాస్ట్రిక్ పెయిన్" అని రాయాలి.

"మురాష్కి" మరీ జాగ్రత్తగా చూడాల్సిన మాట. చిన్న చీమలు అని. భయంతోనో చలితోనో రోమాలు నిక్కబొడుచుకున్నా అదే మాట, చేయి తిమ్మిరెక్కినా అదే మాట. తెలుగులో కూడా "చీమలు పాకినట్టుంది" అంటాం కాబట్టి రెండో అర్థం మనకు చప్పున తడుతుంది. అదే మొదటి అర్థాన్ని మరిపించవచ్చు. "గూస్‌బంప్స్" రాయాలా, "టింగ్లింగ్" రాయాలా అనేది రోగిని ఇంకో ప్రశ్న అడిగి తేల్చుకోవాలి. ఎక్కడ, ఎంతసేపు, ఏం చేస్తున్నప్పుడు అని.

పనిని బట్టి

సబ్‌టైటిల్స్‌లో వరుసకు 40 అక్షరాల దరిదాపుల్లోనే చోటు, చదవడానికి రెండు మూడు సెకన్లు. నాలుగో దారే దిక్కు. తెర మీద నిజంగా నూడుల్స్ కనిపిస్తుంటే తప్ప. మౌఖిక అనువాదంలో అర్థం ముందు, అలంకారం తర్వాత. వ్యాపార పత్రాల్లో జాతీయాన్ని పూర్తిగా విప్పేసి రాయండి, కోర్టు దాకా పోతే బొమ్మలు ఎవరికీ ఉపయోగపడవు. కవిత్వం సంగతి వేరు, అక్కడ ఒక్కో పంక్తికీ ఒక్కో తీర్పు.

నవల అయితే పాళ్లు చూసుకోవాలి. ఒకే పేజీలో మూడు జాతీయాల్ని ఉన్నదున్నట్టు ఉంచితే పాత్రలు వింత మనుషుల్లా కనిపిస్తారు. మూడింటినీ ఇంగ్లీషు జాతీయాలతో మార్చేస్తే రష్యా మాయమవుతుంది. పేజీలో ఏ ఒక్కటి పాత్రను పట్టిస్తుందో దాన్ని ఉంచి, మిగతావి మామూలు మాటల్లోకి దించేయమంటాను. రష్యన్ నవలల తొలితరం అనువాదకురాలు కాన్‌స్టన్స్ గార్నెట్ కాలం నుంచి ఈ కాలపు అనువాదకులు పెవియర్, వలహోన్స్కయా జంట దాకా ఇంగ్లీషులో నడుస్తున్న పెద్ద చర్చ ఈ పాళ్ల గురించే. ఒకవైపు చదవడానికి సాఫీగా పోయే ఇంగ్లీషు, ఇంకోవైపు రష్యన్ గరుకుదనం. ఏదైనా ఒక పేరా రెండు అనువాదాల్లోనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఏ సిద్ధాంతం కంటే ఎక్కువ నేర్పుతుంది.

ఏ సాధనం దేనికి?

సోఫియా లుబెన్స్కీ రష్యన్-ఇంగ్లీషు జాతీయాల నిఘంటువు 1995లో మొదటిసారి వచ్చింది. తర్వాత సవరించిన కూర్పు యేల్ యూనివర్సిటీ ప్రెస్ తెచ్చింది. ఒక్కో జాతీయానికి అర్థంతో పాటు అది ఏ స్థాయి మాట, ఎలాంటి వాక్యంలో ఇముడుతుంది, ఇంగ్లీషులో ఏమేం పెట్టొచ్చు అన్నవి సాహిత్య ఉదాహరణలతో ఇస్తుంది. కొనగలిగితే ఒక్క పుస్తకం ఇదే కొనండి. మల్టీట్రాన్ అనే నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితం, త్వరగా దొరుకుతుంది, కానీ పక్కపక్కన పది అర్థాలు పేర్చి తీర్పు మీకే వదిలేస్తుంది. కొత్తవాళ్లు అందులో మొదటిది తీసుకుని వెళ్లిపోతారు, అదే ఇబ్బంది.

రష్యన్ నేషనల్ కార్పస్, అంటే నిజంగా వాడిన రష్యన్ వాక్యాల పెద్ద సేకరణ, వేరే పనికి. ఆ జాతీయాన్ని ఇవాళ్టి రష్యన్లు ఎలా వాడుతున్నారు, నవ్వుతూనా, కోపంగానా, పత్రికల్లోనా, కబుర్లలోనా అని నిజమైన వాక్యాల్లో చూడటానికి. బొమ్మ అరిగిందో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఇంగ్లీషువైపు కూడా ఇదే పరీక్ష పెట్టాలి. మీరు ఎంచుకున్న జాతీయం ఈ మధ్య రాసిన వాక్యాల్లో కనబడుతోందా, పరీక్షల పుస్తకాల్లోనేనా అన్నది కోకా లాంటి అమెరికన్ ఇంగ్లీషు కార్పస్‌లో వెతికితే తెలిసిపోతుంది.

మెషీన్ అనువాదం ఇప్పుడు చెవులకు నూడుల్స్ లాంటి ప్రసిద్ధమైనవాటిని చాలావరకు గుర్తుపడుతుంది. కానీ ఎక్కువగా రెండో దారిలోనే పోతుంది, అంటే అందరికీ తెలిసిన సాటి జాతీయాన్ని తెచ్చి అతికిస్తుంది. ఒక్కో వాక్యమే ఇస్తే ముందువెనకలు దానికి కనబడవు, చెహోవ్ కుందేళ్ల దగ్గర దెబ్బతినేది అక్కడే. మొదటి చిత్తుకు వాడుకోండి, పేరా మొత్తం ఇవ్వండి. వచ్చినదాంట్లో ప్రతి ఇంగ్లీషు జాతీయం కిందా గీత గీసి, దాన్ని తీసేసి మామూలు మాట పెడితే ఏం పోతుందో చూడండి. ఏమీ పోకపోతే మామూలు మాటే ఉంచండి.